ఇస్త్రీ పెట్టె కింద రాగి బోర్డు

మా డాబా మీది ట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో వంటింటి గోడ మీదే కనిపించేలా ఏదైనా చేసి పెట్టమని అమ్మ చాలాకాలంగా అడుగుతూ ఉండేది. కిందటి నెలలో రెండు ఆదివారాలు కూర్చుని ఆ పని పూర్తిచేశాను. అందులో ఒక యూఎల్‌ఎన్ 2003 ఐసీ (చిన్న సిగ్నలుతో దీపాలను వెలిగించే పదహారు కాళ్ల చిప్), కొన్ని ఎల్‌ఈడీలు, వాటి రెసిస్టర్లు, ట్యాంకు నిండగానే మోగే ఒక బజర్ తప్ప మరేమీ లేవు కనుక చిల్లుల బోర్డు మీద వైర్లు కలిపి కూడా సరిపెట్టవచ్చు. అయినా దానికి కావలసిన పీసీబీని, అంటే తీగలకు బదులు రాగి గీతలుండే సర్క్యూట్ బోర్డును, ఇంట్లోనే, లేజర్ ప్రింటు తీసిన కాగితంతోనూ ఇస్త్రీ పెట్టెతోనూ తయారుచేశాను. దీన్ని టోనర్ ట్రాన్స్‌ఫర్ పద్ధతి అంటారు. పదేళ్లకు పైగా ఇలా బోర్డులు చేస్తున్నాను. మొదట్లో చాలా బోర్డులు పాడయ్యాయి. అవి ఎందుకు పాడయ్యాయో ఒక్కొక్కటిగా తెలుసుకుంటూ వచ్చాను. ఆ కారణాలు తెలిస్తే కొత్తగా మొదలుపెట్టేవారికి నేను పడినంత శ్రమ ఉండదని ఇదంతా రాస్తున్నాను.

లేజర్ ప్రింటరులోనూ జిరాక్స్ యంత్రంలోనూ వాడే టోనర్ నిజానికి మెత్తగా పొడి చేసిన ప్లాస్టిక్. నలుపు రంగు కోసం అందులో మసి వంటి పదార్థం కలుపుతారు. ప్రింటరులోని వేడి రోలర్ ఆ పొడిని కరిగించి కాగితానికి అతికిస్తుంది. ఒకసారి కరిగి అతుక్కున్న ప్లాస్టిక్‌ను మళ్లీ వేడిచేస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఆ సమయంలో దాన్ని శుభ్రమైన రాగి రేకుకు గట్టిగా ఒత్తితే రాగిని పట్టుకుంటుంది. తరువాత బోర్డును రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో వేసినప్పుడు ప్లాస్టిక్ కప్పిన చోట రాగి నిలిచి, మిగిలినచోట కరిగిపోతుంది. నీటిలో కరిగే సిరాతో పనిచేసే ఇంక్‌జెట్ ప్రింటరు ఇందుకు పనికిరాకపోవడానికి కారణం ఇదే. ఇక్కడ చేసే పనులన్నింటి వెనుకా ఉన్న లక్ష్యం ఒక్కటే: టోనర్ కాగితాన్ని వదలాలి, రాగిని వదలకూడదు. ఎక్కడ ఇబ్బంది వచ్చినా ఈ రెండింటిలో ఏది జరగలేదో చూసుకుంటే కారణం దొరుకుతుంది.

పొడిని వేడితో ఒక తలం మీది నుంచి మరొక తలం మీదికి దించడం ఔత్సాహికులు కనిపెట్టిన చిట్కా అని చాలాకాలం అనుకున్నాను. చెస్టర్ కార్ల్‌సన్ 1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో తన సహాయకుడు ఒట్టో కోర్నైతో కలిసి మొట్టమొదటి జిరాక్స్ ప్రతిని తీసినప్పుడు, గంధకం పూత పూసిన జింకు పలక మీద ఏర్పడిన పొడి అక్షరాలను మైనపు కాగితం మీదికి దించి, వేడిచేసి అతికించారని చదివిన తరువాత ఈ పని మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. ఇస్త్రీ పెట్టె కింద మనం చేసేది కూడా దాదాపు అదే.

డిజైన్ విషయానికి వస్తే, నేను కీక్యాడ్ అనే సర్క్యూట్ డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడతాను. అది ఉచితం, ఇంటి పనికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. ఫ్యాక్టరీకి పంపే బోర్డుకు గీసినట్లు ఇంటి బోర్డుకు గీయకూడదు. ట్రాకులు, అంటే తీగల్లా పనిచేసే రాగి గీతలు, 0.8 నుంచి 1 మి.మీ. వెడల్పు ఉంటే నిశ్చింతగా వస్తాయి. చేయి అలవాటయ్యాక 0.4 మి.మీ. కూడా వస్తుంది కానీ, చోటు ఉన్నప్పుడు ఆ సాహసం ఎందుకని నా అభిప్రాయం. ఐసీ ప్యాడ్లను, అంటే కాళ్లకు టంకం పెట్టే రాగి చుక్కలను, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కొలత కన్నా కాస్త పెంచి కోలగా పెట్టుకుంటే, చిల్లు కొద్దిగా పక్కకు పోయినా టంకానికి రాగి మిగులుతుంది. ఖాళీగా ఉన్న చోటంతా గ్రౌండ్‌కు, అంటే సరఫరా మైనస్ వైపుకు, కలిపిన రాగితో నింపడం మంచిది. కరిగించవలసిన రాగి తగ్గుతుంది కనుక ద్రావణం ఎక్కువ బోర్డులకు వస్తుంది, పారవేయవలసిన వ్యర్థం కూడా తగ్గుతుంది.

కొత్తవారు తప్పనిసరిగా ఒకసారైనా చేసే పొరపాటు అద్దంలో బొమ్మలా తిరగబడిన బోర్డు. కాగితాన్ని బోర్లించి రాగికి అతికిస్తాం కనుక ప్రింటులో ఉన్నది బోర్డు మీద కుడి ఎడమలు మారి వస్తుంది. భాగాలు ఒక వైపు, రాగి మరొక వైపు ఉండే మామూలు బోర్డుకు కింది పొరను, అంటే పైనుంచి చూస్తున్నట్లు తెర మీద కనిపించే పొరను, ఉన్నది ఉన్నట్లుగా ప్రింటు తీయాలి. అతికించడంలోనే అది తిరగబడి సరైన రూపానికి వస్తుంది. పై పొరకు మాత్రమే మిర్రర్ ఎంచుకోవాలి. ఇది తెలిసి కూడా తొందరలో తికమకపడతాం కనుక నేను ప్రతి బోర్డు మూలలో రాగి పొర మీద 'అ' అనే అక్షరం ఒకటి పెడతాను. కాగితం మీద అది తిరగబడి కనిపిస్తే ప్రింటు సరైనది; రాగి మీదికి దిగాక అది చక్కగా చదవడానికి రావాలి. ఈ అలవాటు లేని రోజుల్లో యూఎల్‌ఎన్ 2003తోనే చేసిన ఒక బోర్డు తిరగబడి, ఇన్‌పుట్ కాళ్ల చోటికి అవుట్‌పుట్ కాళ్లు, గ్రౌండుకు వెళ్లవలసిన 8వ కాలి చోటికి 9వ కాలు వచ్చాయి. అటువంటి బోర్డును పారవేయనవసరం లేదు. ఐసీని రాగి ఉన్న వైపే పెట్టి టంకం వేస్తే కాళ్ల వరుస మళ్లీ సరిపోతుంది. చూడడానికి అందంగా ఉండదు కానీ ఆ బోర్డు నాకు కొన్నేళ్లు పనిచేసింది.

ప్రింటులో చూడవలసిన మరొక విషయం కొలత. పేజీకి సరిపడేలా కుదించే సెట్టింగు ఆన్‌లో ఉంటే బొమ్మ 100 శాతం బదులు 97 శాతానికి రావచ్చు. పదహారు కాళ్ల ఐసీలో ఈ తేడా అర మిల్లీమీటరే కనుక కాళ్లను కాస్త వంచి దించేస్తాం. కాలేజీ ప్రాజెక్టుల్లో వాడే ఏటీ89ఎస్52 వంటి నలభై కాళ్ల మైక్రోకంట్రోలరుకు మొదటి కాలి నుంచి ఇరవయ్యో కాలికి ఉన్న దూరం 48.26 మి.మీ.; అందులో మూడు శాతం అంటే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు, అంటే రెండు కాళ్ల మధ్య దూరంలో సగానికి పైగా. అంత తేడాతో ఐసీ దిగదు. అందుచేత ముందు మామూలు కాగితం మీద ప్రింటు తీసి, దాన్ని థర్మోకోల్ ముక్క మీద పరిచి, ఐసీని, కనెక్టర్లను గుచ్చి చూస్తాను. రెండు నిమిషాల పని అది. టోనర్ ఆదా చేసే మోడ్ తీసివేసి, నలుపును వీలైనంత చిక్కగా పెట్టుకోవాలి.

కాగితం గురించి అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. నేను వారపత్రికల్లోని నున్నని రంగు పేజీలతో మొదలుపెట్టాను, ఇప్పటికీ ఎక్కువగా అవే వాడుతున్నాను. ఆ నునుపు కాగితానికి పూసిన తెల్ల మట్టి పూత వల్ల వస్తుంది. టోనర్ ఆ పూత మీదే నిలుస్తుంది తప్ప కాగితం పీచులోకి దిగదు. నీళ్లలో నానబెట్టినప్పుడు పూత మెత్తబడి టోనర్‌ను వదిలేస్తుంది. పేజీ మీద ముందే ఉన్న రంగుల అచ్చు ఇస్త్రీ వేడికి కరిగేది కాదు కనుక రాగికి అంటదు. అటువంటి పలుచని కాగితం ప్రింటరులో ముడతపడి ఇరుక్కుంటుంది. దాన్ని మామూలు ఏ4 కాగితం మీద పరిచి, ముందుగా లోపలికి వెళ్లే అంచును సన్నని టేపుతో అతికిస్తే సాఫీగా పోతుంది. ఇంక్‌జెట్ కోసం అమ్మే ప్లాస్టిక్ పూత ఫొటో పేపరును మాత్రం లేజర్ ప్రింటరులో పెట్టకండి. ఆ పూత వేడి రోలరుకు కరిగి అంటుకుంటే ప్రింటరు పాడవుతుంది. మా వీధిలో జిరాక్స్ షాపు నడిపే ఆయన మొదటిసారి నా కాగితాన్ని వేళ్లతో నలిపి, వెలుతురుకు పట్టి చూసి, "ఇది కరగదుగా తమ్ముడూ? డ్రమ్ము పోతే నా వారం సంపాదన పోయినట్టే" అన్నారు. ఆయన భయం న్యాయమైనది. ఇంటి దగ్గర ఆ కాగితం ముక్క మీద ఇస్త్రీ పెట్టె పెట్టి చూశానని, ఏమీ కరగలేదని చెప్పాకే ప్రింటు ఇచ్చారు. ఈ పని కోసమే చేసిన పసుపుపచ్చని ట్రాన్స్‌ఫర్ పేపరు కూడా ఇప్పుడు దొరుకుతున్నది. దానికి నానబెట్టే శ్రమ లేదు, చల్లారాక ఒలిస్తే చాలు. అయితే దాని పూత మీద వేలు తగిలినా టోనర్ రాలిపోతుంది కనుక జాగ్రత్తగా పట్టుకోవాలి.

రాగి బోర్డు నేను హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో కొంటాను. గోధుమరంగులో ఉండే కాగితం-ఫినాలిక్ బోర్డు చవక, చిల్లులు సులువుగా పడతాయి. లేతాకుపచ్చ గ్లాస్ ఎపాక్సీ బోర్డు గట్టిది, వేడికి తట్టుకుంటుంది, డ్రిల్ మొనలను మాత్రం త్వరగా అరగదీస్తుంది. రెండింటి మీదా మామూలుగా రాగి మందం 35 మైక్రాన్లే, అంటే ఒక మిల్లీమీటరులో దాదాపు ముప్పయ్యో వంతు. కొన్ననాడు మెరిసే ఆ రాగి మన గాలికి కొన్ని వారాల్లోనే మసకబారుతుంది. చిలుము పట్టిన రాగి మీద టోనర్ నిలవదు. మొదట్లో నేను గరుకు కాగితంతో అరగదీసేవాణ్ని. అది చూసిన అమ్మ, "రాగి చెంబును ఎవరైనా ఉప్పు కాగితంతో తోముతారా నాన్నా? చింతపండు పెట్టి రుద్ది చూడు" అంది. నానబెట్టిన చింతపండులో చిటికెడు ఉప్పు వేసి రుద్దితే నిమిషంలో బోర్డు లేత గులాబీ రంగుకు వచ్చింది. చింతపండులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది, రాగిని గీతలు పడనివ్వదు. ఆ తరువాత గిన్నెలు తోమే సబ్బుతో, పచ్చని స్క్రబ్బరుతో గుండ్రంగా రుద్ది కడుగుతాను. స్క్రబ్బరు వేసే సన్నని గరుకు టోనర్‌కు పట్టు ఇస్తుంది. కడిగిన బోర్డు మీద నీరు పలుచని పొరలా పరుచుకోవాలి. చుక్కలుగా విడిపోతే జిడ్డు ఇంకా ఉన్నట్లు. చివరగా తేలిగ్గా మంటపట్టే ద్రావకమైన అసిటోన్‌తో తుడిచి, అక్కడి నుంచి బోర్డును అంచులతోనే పట్టుకోవాలి. ఒక్క వేలిముద్ర పడినా ఆ మేరకు టోనర్ లేచిపోతుంది. అసిటోన్ సీసా మూత పెట్టి వేరే గదిలో ఉంచాకే ఇస్త్రీ పెట్టె స్విచ్ వేయాలి.

ఇక అసలు పని. ఇస్త్రీ పెట్టెలో నీళ్లు ఉండకూడదు, ఆవిరి రాకూడదు. వేడిని కాటన్ దగ్గర పెడతాను. చెక్క పలక మీద నాలుగు మడతల పాత పంచె పరిచి, దాని మీద బోర్డును రాగి పైకి ఉండేలా పెట్టి, ముందు ఖాళీ బోర్డునే ఒక తెల్ల కాగితం అడ్డుపెట్టి నిమిషంపాటు వేడిచేస్తాను. రాగి వేడిని చుట్టుపక్కలకు చాలా వేగంగా లాగేసుకుంటుంది. చల్లని బోర్డు మీద కాగితం పెట్టి ఇస్త్రీ చేస్తే కాగితం వైపు టోనర్ కరుగుతుంది తప్ప రాగి వైపు మెత్తబడదు. నాకు మొదట్లో వచ్చిన చిరిగిన ట్రాకులకు అదే కారణం. బోర్డు వేడెక్కాక ప్రింటు ముఖాన్ని కిందికి పెట్టి ఒకేసారి దించాలి. తాకిన క్షణంలోనే అది అంటుకుంటుంది, ఆ తరువాత జరిపితే గీతలు చెదిరిపోతాయి. పైన ఇంకొక కాగితం వేసి, ఇస్త్రీ పెట్టెను కదపకుండా అరనిమిషం బరువుగా ఒత్తి, ఆ తరువాత దాని మొనతో మధ్య నుంచి అంచులకు, ముఖ్యంగా నాలుగు మూలలకు నెమ్మదిగా లాగుతూ మూడు నాలుగు నిమిషాలు చేస్తాను. ఎప్పుడు ఆపాలో గడియారం చెప్పదు, కాగితం చెబుతుంది: ట్రాకుల నీడ కాగితం వెనుక వైపున లేత బూడిదరంగు గీతలుగా పైకి తేలుతుంది. అంచుల్లో ఆ నీడ కనిపించకపోతే అక్కడ ఇంకా వేడి చాలలేదు. కాగితం బాగా పసుపురంగుకు మారేదాకా ఉంచితే టోనర్ నలిగి వెడల్పై, ఐసీ కాళ్ల మధ్య పక్కపక్క ప్యాడ్లు కలిసిపోతాయి. కొన్ని రకాల టోనర్‌కు వేడి ఎక్కువ కావాలి కనుక కొత్త ప్రింటరుతో తీసిన మొదటి ప్రింటును పనికిరాని బోర్డు ముక్క మీద పరీక్షించుకోవడం మేలు.

వేడి బోర్డును వెంటనే నీళ్లలో వేసేవారున్నారు. నేను దాని మీద బరువైన పుస్తకం పెట్టి చల్లారనిస్తాను. అలా చేసినప్పటి నుంచి టోనర్ అంచులు లేవడం తగ్గింది. చల్లారాక గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి ఇరవై నిమిషాలు నానబెట్టాలి. ఇక్కడ ఓపిక కావాలి. కాగితం చివర పట్టుకుని లాగకూడదు. పైపొర తనంతట తాను జారిపోతుంది. దాని కింద మిగిలిన తెల్లని పొరను బొటనవేలి కండతో నీటి అడుగునే గుండ్రంగా రుద్దుతుంటే చిన్నచిన్న ఉండలుగా చుట్టుకుని వస్తుంది. తడిగా ఉన్నప్పుడు శుభ్రంగా ఉన్నట్లే కనిపిస్తుంది కానీ, బోర్డు ఆరాక ట్రాకుల మధ్య, చిల్లుల నడుమ తెల్లని పీచు బయటపడుతుంది. టోనర్ మీద పీచు ఉంటే నష్టం లేదు. రెండు ట్రాకుల మధ్య ఉంటే మాత్రం దాని కింది రాగి కరగదు, అక్కడ షార్ట్ మిగిలిపోతుంది. నేను మళ్లీ తడిపి, మెత్తని టూత్‌బ్రష్షుతో ఆ సందులన్నీ శుభ్రం చేసి, ఎండలో ఏటవాలుగా పట్టి భూతద్దంతో చూస్తాను. ట్యాంకు బోర్డులో ఐసీ 5, 6 కాళ్ల మధ్య వెంట్రుకంత తెల్లని గీత ఆ వెలుతురులోనే దొరికింది. సూది మొనతో ఒక్కసారి గీస్తే పోయింది. ట్రాకు తెగిన చోట సీడీల మీద రాసే పర్మనెంట్ మార్కరుతో రెండు పూతలు వేస్తే సరిపోతుంది. బొమ్మలో పదో వంతుకు మించి లేచిపోతే దిద్దుబాటు మానేసి, అసిటోన్‌తో అంతా తుడిచి మళ్లీ ఇస్త్రీ చేయడమే నయం. రాగికి ఏ నష్టమూ జరగలేదు కదా.

ఫెర్రిక్ క్లోరైడ్ గడ్డలను నీళ్లలో కలిపినప్పుడు చాలా వేడి పుడుతుంది, ముక్కును మండించే ఆవిరి వస్తుంది. అందువల్ల లీటరు నీళ్లలో అరకిలో గడ్డలను కొద్దికొద్దిగా, ఆరుబయట, చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని వేయాలి. గడ్డల మీద నీళ్లు పోయకూడదు. ప్లాస్టిక్ లేదా గాజు పాత్రే వాడాలి. స్టీలు సింకును, అల్యూమినియం గిన్నెను ఈ ద్రావణం తినేస్తుంది, బట్ట మీద, గచ్చు మీద పడిన పసుపు మరక సులభంగా పోదు. ద్రావణం గోరువెచ్చగా ఉంటే పని వేగంగా సాగుతుంది. మన ఎండాకాలంలో ట్రేను కాసేపు ఎండలో పెడితే చాలు. బోర్డును ముంచగానే మెరుపు పోయి మట్టి గులాబీ రంగుకు వస్తుంది. ట్రేను ఒక పక్కకు ఎత్తి దించుతూ ఉంటే ముందు బోర్డు అంచుల్లో, చివరికి మధ్యలో రాగి కరిగి అడుగు బోర్డు రంగు కనిపిస్తుంది. మంచి ద్రావణంలో ఇది పది నుంచి ఇరవై నిమిషాల పని. చివరి మచ్చ పోగానే తీసేయాలి. మరచిపోతే ద్రావణం పక్కల నుంచి టోనర్ కిందికి దూరి ట్రాకులను సన్నబరుస్తుంది. ఫోను చూసుకుంటూ కూర్చునే పని కాదిది.

తరువాత అసిటోన్‌తో టోనర్‌ను తుడిచి, రెసిస్టర్లకు, ఐసీ కాళ్లకు 0.8 మి.మీ., కనెక్టర్లకు 1 మి.మీ. మొనతో చిల్లులు వేయాలి. ప్యాడ్ నడుమ కరిగిన చిన్న గుంటలో మొన తనంతట కుదురుకుంటుంది. గ్లాస్ ఎపాక్సీ ధూళిలో గాజు నార ఉంటుంది కనుక మాస్కు లేకుండా చేయవద్దు. టంకం పెట్టడం పూర్తయ్యాక, స్పిరిట్‌లో కరిగించిన రోజనం ఒక పూత వేస్తే రాగి మళ్లీ చిలుము పట్టకుండా ఉంటుంది.

ఇప్పుడు చైనా కంపెనీలు కొద్ది డాలర్లకే ఐదేసి బోర్డులు చేసి పంపుతున్నాయి, వాటి నాణ్యతతో ఇంటి బోర్డు పోటీపడలేదు. రెండు పొరల బోర్డయితే నేనూ అక్కడికే పంపుతాను. కానీ ఉదయం మనసులో మెదిలిన సర్క్యూట్ సాయంత్రానికి పనిచేయడం చూడాలన్నా, తప్పు కనిపెట్టి మరునాడే దిద్దిన బోర్డు చేయాలన్నా, ఇంటర్ చదివే పిల్లలకు రాగి గీతే తీగ ఎలా అవుతుందో కళ్లెదుట చూపాలన్నా ఈ పద్ధతికి సాటి లేదని నమ్ముతున్నాను.

ఒక్క విషయంలో మాత్రం అందరినీ గట్టిగా వేడుకుంటున్నాను. వాడిన ద్రావణాన్ని బాత్రూము తూములోనో వీధి కాలువలోనో పోయకండి. అందులో కరిగి ఉన్న రాగి లవణాలు చేపలకు, నీటి జీవులకు విషం. మన కాలువలన్నీ చివరికి చేరేది ఏదో ఒక చెరువుకో ఏటికో. మొదట్లో నీళ్లు బాగా కలిపి పారబోస్తే చాలని నేనూ అనుకున్నాను, అలా చేశాను కూడా; ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. నీళ్లు కలిపినంత మాత్రాన రాగి తగ్గదు. ద్రావణం ముదురు ఆకుపచ్చగా మారి పని మందగించేదాకా మూత బిగించిన ప్లాస్టిక్ సీసాలో దాచి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. పూర్తిగా అయిపోయాక పెద్ద ప్లాస్టిక్ బకెట్టులో పోసి, బట్టల సోడాను చెంచా చెంచాగా వేయాలి. బుసబుస పొంగుతుంది కనుక బకెట్టు సగానికి పైగా ఖాళీగా ఉండాలి. పొంగు ఆగేసరికి ఇనుము, రాగి బురదలా అడుగుకు దిగుతాయి. నేను ఆ బకెట్టును డాబా మీద పిల్లలకు, పిల్లులకు అందని చోట మూత వారగా పెట్టి, నీరంతా ఎండిపోయేదాకా ఉంచి, మిగిలిన గట్టి మడ్డిని మందపాటి సంచిలో కట్టి, పెయింటు డబ్బాలు, పురుగుమందు సీసాలతో పాటు ప్రమాదకర గృహ వ్యర్థాల కింద విడిగా ఇస్తాను. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు ఇటువంటివాటిని తడి చెత్తతోనూ పొడి చెత్తతోనూ కలపకూడదని చెప్పాయి. ట్యాంకు బోర్డు చేసిన ద్రావణం ఇంకా రెండు మూడు బోర్డులకు వస్తుంది. దాన్ని లీటరు సీసాలో పోసి, మూత బిగించి, తాగే నీళ్ల సీసా అని ఎవరూ పొరబడకుండా నాలుగు వైపులా ఎర్రని అక్షరాలతో 'విషం' అని రాసి, తాళం వేసే అలమరలో కింది అరలో పెట్టాను.